కిల్టు కట్టిన మాజీ సైనికులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో నార్త్ కరొలినా కొండల్లో జరిగే హైలాండ్ గేమ్స్, అంటే స్కాట్లండ్ సంప్రదాయ ఆటల పండగ, దాని గురించి రాస్తూ, కిల్టులు, అంటే స్కాట్లండ్ మగవాళ్ల గళ్ల పావడాలు, కట్టుకుని జెండాలు మోసుకొచ్చే అమెరికా మాజీ సైనికుల సంగతి రెండు లైన్లలో చెప్పి వదిలేశాను. అది సరిపోలేదని చాలామంది రాశారు, కొందరు కోపంగా, కొందరు నిజంగా తెలుసుకుందామని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశా.

ప్రశ్న: జులైలో పిల్లల్ని తీసుకుని గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ గేమ్స్‌కి వెళ్లామండీ. ముందు వరసలో వచ్చినవాళ్లంతా తెల్లజుట్టు పెద్దవాళ్లు, కింద కిల్టు, పైన అమెరికా మెడల్స్. ఒకాయన చేతిలో అమెరికా జెండా, పక్కాయన చేతిలో నీలం మీద తెల్ల ఇంటూ గుర్తున్న జెండా. మా తొమ్మిదేళ్లవాడు "అమ్మా, వీళ్లు ఏ దేశం ఆర్మీ?" అన్నాడు, నాకు చెప్పడం రాలేదు.
– ఒక తల్లి, షార్లెట్

జవాబు: వాళ్లు అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లేనండీ, స్కాట్లండ్ సైన్యం కాదు. ఆర్మీ, నేవీ, మెరైన్స్, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్, ఏదో ఒకదాంట్లో చేసి బయటికొచ్చినవాళ్లు, తాతముత్తాతలు స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లు. ఈ రెండూ ఉన్నవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘాలున్నాయి, స్కాటిష్ అమెరికన్ మిలిటరీ సొసైటీ అందులో ఒకటి, దాని శాఖల్ని పోస్టులంటారు. గేమ్స్‌లో జెండాలు తీసుకొచ్చే డ్యూటీ చాలా చోట్ల వీళ్లదే, దాన్ని కలర్ గార్డ్ అంటారు. మీరు చూసిన నీలం జెండా సాల్టైర్, స్కాట్లండ్ జాతీయ జెండా, ఆ ఇంటూ గుర్తు సెయింట్ ఆండ్రూ శిలువ.

ఈసారి వెళ్తే మీవాడికి ఒకటి చూపించండి. గౌరవ వందనం టైమ్‌లో మిగతా జెండాలు కొంచెం ముందుకి వాలతాయి, అమెరికా జెండా మాత్రం వాలదు. ఆ దేశపు జెండా నియమాల్లోనే ఉంది, ఏ మనిషి ముందూ ఏ వస్తువు ముందూ దాన్ని వంచకూడదని. వరసలో అది సాధారణంగా కుడి చివర ఉంటుంది, అంటే నడిచేవాళ్లకి కుడి, మనం ఎదురుగా నిలబడి చూస్తాం కాబట్టి మనకి ఎడమ. నేను వెళ్లినప్పుడు ఆ జెండా పట్టుకున్నాయనకి డెబ్బై ఐదు దాటి ఉంటాయి, భుజం మీదుగా వేసుకున్న తోలు బెల్టుకి ముందు చిన్న గిన్నె లాంటిది ఉంటుంది, జెండా కర్ర అడుగు అందులో ఆనిస్తారు, కొండగాలి ఒక్కసారిగా కొట్టేసరికి గుడ్డ మొత్తం ఆయన మొహం మీదికి వచ్చి పడింది, అయినా చెయ్యి ఎత్తి తీసుకోలేదు, రెండు చేతులూ కర్ర మీదే ఉంచి అలాగే అడుగు తప్పకుండా నడిచాడు, పక్కనున్నాయనే నెమ్మదిగా మోచేత్తో గుడ్డని పక్కకి నెట్టాడు. నేను ఆ గేమ్స్‌లో దుంగలు విసరడం చూశా, డాన్సులు చూశా, ఇప్పటికీ కళ్లముందు ఉండేది మాత్రం ఆ మోచెయ్యే.

ఇదంతా నార్త్ కరొలినాలోనే ఎందుకంటే, స్కాట్లండ్‌లోని ఆర్గైల్ ప్రాంతం నుంచి హైలాండర్లు, అంటే అక్కడి కొండప్రాంతాల వాళ్లు, 1739లో ఓడల్లో వచ్చి కేప్ ఫియర్ నది వెంట ఊళ్లు కట్టుకున్నారు, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నారు. లిన్‌విల్ దగ్గర మెక్రే మెడోస్ మైదానంలో గేమ్స్ 1956లో మొదలయ్యాయి. కుదిరితే మొదటిరోజు సాయంత్రం వెళ్లండి, చీకటి పడ్డాక ఒక్కో కుటుంబం తరఫున ఒక్కొక్కరు కాగడా పట్టుకుని వచ్చి, మేం వచ్చాం అని తమ ఇంటిపేరు గట్టిగా చెప్తారు. మీవాడికి అది బాగా నచ్చుతుంది.

ప్రశ్న: తప్పుగా అనుకోకండి, సైనికుడంటే ప్యాంటు, బూట్లు. యుద్ధానికి గళ్ల పావడా ఏంటండీ? అది పెళ్లిళ్లకీ పండగలకీ వేసుకునే బట్ట కదా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అట్లాంటా

జవాబు: అసలు సంగతి తిరగేసి ఉంది. ఆ బట్ట ఈరోజు పెళ్లిళ్లలో కనబడుతోందంటే దాన్ని ఒకప్పుడు బతికించింది చాలావరకు సైన్యమే.

1746 ఏప్రిల్ 16న స్కాట్లండ్‌లో కల్లోడెన్ అనే చోట యుద్ధం జరిగింది, గంట కూడా పట్టలేదు, బ్రిటన్ సింహాసనం తమ వంశానిదని పోరాడిన స్టూవర్ట్ రాకుమారుడి వైపు నిలబడ్డ హైలాండర్లు దారుణంగా ఓడిపోయారు. వాళ్లు మళ్లీ లేవకుండా చెయ్యాలని లండన్ ప్రభుత్వం అదే ఏడాది చట్టం తెచ్చింది, హైలాండ్ బట్టలు మగవాళ్లూ మగపిల్లలూ వేసుకోకూడదు, మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్లు సముద్రాల అవతలికి పంపేయడం. ఒక బట్ట కట్టుకున్నందుకు! ఆ చట్టం 1782 దాకా ఉంది, అంటే ముప్పై ఆరేళ్లు. కానీ అందులోనే ఒక మినహాయింపు పెట్టారు, రాజు సైన్యంలో పనిచేసేవాళ్లు వేసుకోవచ్చు అని. అలా ఊళ్లో తండ్రి కడితే నేరం, రెజిమెంట్‌లో కొడుకు కడితే యూనిఫామ్. ఒక తరం కంటే ఎక్కువ కాలం ఆ బట్ట దర్జాగా బయట తిరిగింది సైనికుల ఒంటి మీదే. నన్నడిగితే దీంట్లో గర్వం ఎంతుందో బాధా అంతే ఉంది, కిల్టు కట్టిన మాజీ సైనికుణ్ణి చూసినప్పుడు ఆ రెండూ గుర్తుకు రావాలి.

ఇక యుద్ధంలో పనికొస్తుందా అన్నారు. బ్రిటిష్ సైన్యంలో బ్లాక్ వాచ్ అని పేరున్న హైలాండర్ల రెజిమెంట్, 1739లో రెజిమెంట్‌గా కూడగట్టారు, అది 1758 జులై 8న ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలోని టికోండెరోగా కోట దగ్గర ఫ్రెంచివాళ్ల మీదికి వెళ్లింది. ఎదురుగా నరికిపడేసిన చెట్లు, కొమ్మలు చెక్కి మొనలు తేల్చినవి, వాటి వెనక తుపాకులు. కత్తులతో కొమ్మలు నరుక్కుంటూ పోయారు, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 600 దాటారు, రెజిమెంట్‌లో సగం కంటే ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధం నాటికి కూడా కందకాల్లో కిల్టులే, పైన ఖాకీ ఏప్రన్ కట్టేవాళ్లు, బురద పట్టి గడ్డకట్టిన మడతల అంచులు మోకాళ్ల వెనక చర్మాన్ని కోసేవి. సుఖమైన బట్టేం కాదు, అయినా వదలలేదు.

ఒక చిన్న విషయం చెప్తా, మీకు లెక్కలంటే ఇష్టం ఉంటుంది కదా. మంచి కిల్టుకి ఎనిమిది గజాల దాకా ఉన్ని గుడ్డ పడుతుంది, ఎక్కువ భాగం వెనక మడతల్లోకి పోతుంది. మామూలు జనం కట్టేదాంట్లో మడత పెట్టినా గళ్ల డిజైన్ పూర్తిగా కనబడేలా కుడతారు. చాలా రెజిమెంట్లలో అలా కాదు, ప్రతి మడత మీదా ఒకే గీత వచ్చేలా కుడతారు, వెనకనుంచి చూస్తే నిలువు గీతలు బారులు తీరినట్టు ఉంటాయి. ఈ సంఘాలవాళ్ల వెనక నిలబడి చూడండి, ఎవరు ఎలా కుట్టించుకున్నారో తెలిసిపోతుంది. అన్నట్టు అమెరికా బలగాలకి కూడా సొంత టార్టన్లు, అంటే ప్రత్యేకమైన గళ్ల డిజైన్లు, ఉన్నాయి, మెరైన్స్‌ది లెదర్‌నెక్, నేవీ వాళ్లది ఎడ్జెల్. స్కాట్లండ్‌లో ఎడ్జెల్ అనే చోట అమెరికా నేవీ స్థావరం 1960 నుంచి 1997 దాకా ఉండేది, అక్కడి పేరే ఆ గుడ్డకి వచ్చింది.

ప్రశ్న: నేను పెళ్లి చేసుకున్నది అమెరికన్‌ని. మా మామగారు వియత్నాంలో చేశారు, ఇంటిపేరు స్కాటిష్‌దే. మా అత్తగారు పోయాక మనిషి బాగా ముడుచుకుపోయారు, టీవీ ముందే రోజంతా. పక్కవీధాయన ఇలాంటి సంఘంలో ఉన్నారు, రమ్మని రెండుసార్లు పిలిచారు, ఈయన "నేనేం చేశానని, వేషాలెయ్యడానికా" అని కసిరారు. నేను చెప్పొచ్చా, కోడలిగా నాకెందుకులే అని ఊరుకోవాలా? వెళ్తే ఆయనకేమైనా మేలు జరుగుతుందా?
– ఒక కోడలు, టెనెసీ

జవాబు: ఊరుకోకండి తల్లీ. అయితే ఎలా చెప్తారన్నదే ముఖ్యం.

ముందు ఆయన మాట వినండి. "నేనేం చేశానని" అన్నారు కదా, ఆ తరం వాళ్లలో చాలామంది నోట అదే మాట వస్తుంది. దానికి కారణం ఉంది. వియత్నాంకి చాలామందిని ఒక్కొక్కరిగా పంపారు, ఒక్కొక్కరిగానే వెనక్కి తెచ్చారు, మామూలుగా ఏడాది డ్యూటీ, ఆ ఏడాది ఎవరిది వాళ్లకి వేరుగా మొదలై వేరుగా అయిపోయేది. నిన్న పక్కన తుపాకీ పట్టుకుని ఉన్నవాడు ఇవాళ విమానమెక్కి వెళ్లిపోతాడు, ఇంటికొచ్చాక నువ్వూ ఒక్కడివే. కలిసి తిరిగొచ్చిన దళం లేదు, ఊరేగింపు లేదు, పైగా ఊళ్లో కొందరు ఆ యుద్ధం మీద కోపం వీళ్ల మీద చూపించారు. అలాంటి మనిషిని మెడల్స్ పెట్టుకుని జనం ముందు నడవమంటే ఆయనకి అది వేషంలాగే అనిపిస్తుంది మరి.

స్కాట్లండ్ రెజిమెంట్ల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఒక ప్రాంతం వాళ్లు ఒక రెజిమెంట్‌లోకి వెళ్లేవాళ్లు. ఎడిన్‌బరాలో హార్ట్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఉంది, 1914లో లీగ్‌లో పైన ఉన్న టీమ్, ఆ నవంబర్‌లో ఆటగాళ్లు కలిసికట్టుగా వెళ్లి సైన్యంలో చేరారు, వాళ్లని చూసి అభిమానులూ చేరారు, మెక్రే బెటాలియన్ అని పేరొచ్చింది. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదటిరోజే ఆ క్లబ్ ఆటగాళ్లు ముగ్గురు పోయారు. ఒకే వీధి వాళ్లు కలిసి వెళ్తే ఒకే రోజు ఆ వీధంతా ఏడుస్తుంది, అదొక భయంకరమైన నిజం. కానీ బతికొచ్చినవాడికి పక్కింట్లోనే ఇంకొకడు ఉండేవాడు, మాట్లాడకపోయినా తెలిసినవాడు. ఫ్రాన్స్‌లో కాంటల్‌మెజాన్ దగ్గర వాళ్ల కోసం రాళ్ల కట్ట కట్టింది ఎప్పుడనుకున్నారు, 2004లో, ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత! మర్చిపోలేదు.

ఈ సంఘాలు అమెరికాలో చేస్తున్నది ఒక రకంగా ఆ పక్కింటివాణ్ణి మళ్లీ తెచ్చిపెట్టడమే అని నా నమ్మకం. ఒకే యూనిట్ వాళ్లు కాకపోవచ్చు, ఒకాయన ఓడమీద చేసి ఉంటాడు, ఇంకొకాయన జర్మనీలో ట్రక్కులు నడిపి ఉంటాడు, కలిపేది మాత్రం ఇంటిపేరు, ఒక గుడ్డ మీది గళ్లు, ఒక బ్యాగ్‌పైపుల పాట. "నువ్వేం చేశావ్" అని మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు, "మీవాళ్లు ఏ ఊరినుంచి వచ్చారు" అని మొదలవుతుంది. మగవాళ్లు, ముఖ్యంగా ఆ వయసు వాళ్లు, సూటిగా బాధ గురించి మాట్లాడరు, తాతగారి ఓడ గురించి అయితే గంట మాట్లాడతారు, ఆ గంటలో ఎక్కడో అసలుది కూడా వచ్చేస్తుంది.

కాబట్టి మీరు సంఘంలో చేరమని చెప్పకండి. మీ మామగారినే అడగండి, మన ఇంటిపేరు స్కాట్లండ్‌లో ఎక్కడిది, మీ ముత్తాత ఏ దారిన వచ్చాడు, పిల్లలకి చెప్పాలి, నాకు రాసిపెట్టండి అని. ఇది సాకు కాదు, మీ పిల్లల ఇంటిపేరే కదా అది. తర్వాత దగ్గర్లో గేమ్స్ ఉన్నప్పుడు పిల్లల కోసం వెళ్దాం అని తీసుకెళ్లండి, మామూలు చొక్కా ప్యాంటులోనే. వాళ్ల టెంట్ దగ్గర మీరు ఆగండి, ఆయన్ని ముందుకి తొయ్యకండి. టెంట్‌లో ఒకమూల ఒక చిన్న బల్ల వేసి ఉంటే చూడండి, ఈ బల్లని అమెరికాలో చాలా మాజీ సైనికుల సంఘాలు వేస్తాయి, కనబడకుండా పోయినవాళ్ల కోసం, శత్రువు చేతికి చిక్కినవాళ్ల కోసం. గుండ్రటి బల్ల, తెల్లగుడ్డ, ఒకే ఒక్క ఎర్ర గులాబీ, ప్లేట్‌లో నిమ్మకాయ ముక్క, అది వాళ్ల చేదు రాతకి గుర్తు, పక్కన చిటికెడు ఉప్పు, అది ఇంట్లోవాళ్ల కన్నీళ్లకి, బోర్లించిన గ్లాసు, ఖాళీ కుర్చీ. నేను చూసిన చోట ఒక పెద్దాయన వచ్చి ఆ కుర్చీని ఒక అంగుళం సరిచేసి, టోపీ తీసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మీ మామగారికి ఆ బల్ల దగ్గర ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

మేలు ఏమిటన్నారు. పెన్షన్, ఆస్పత్రి ఖర్చులు, ఇలాంటివి సంఘం ఇవ్వదు, వాటికి వెటరన్స్ ఎఫైర్స్ శాఖ వేరే ఉంది. కానీ ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పేవాళ్లు ఆ టెంట్‌లోనే నలుగురు దొరుకుతారు, ఎందుకంటే వాళ్లంతా ఆ కిటికీల దగ్గర నిలబడి వచ్చినవాళ్లే. ఆయన డిశ్చార్జ్ కాగితం, డీడీ 214 అంటారు, ఇంట్లో ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి, సర్వీస్ చేశారని చూపించాల్సిన ప్రతిచోటా దాన్నే అడుగుతారు.

ఇంకొక్క మాట. ముడుచుకుపోవడం అనేది అత్తగారు పోయిన దిగులే అయితే సరే, కానీ నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, బతికి ఏం లాభం అనే మాటలు, ఇవి కనిపిస్తే గేమ్స్ దాకా ఆగకండి. అమెరికాలో 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల కోసమే ఉన్నవాళ్లు రాత్రీ పగలూ మాట్లాడతారు, మీరు కోడలిగా కూడా చెయ్యొచ్చు.

ప్రశ్న: నేను నర్సుని, యూఎస్ ఆర్మీ రిజర్వ్‌లో కూడా చేశాను. ఫోటోల్లో అంతా గడ్డాల మగవాళ్లే. స్కాటిష్ సైనిక చరిత్రలో ఆడవాళ్లకి చోటుందా?
– రాలీ నుంచి

జవాబు: ఉంది, బ్రహ్మాండంగా ఉంది, మనమే తక్కువ చెప్పుకుంటున్నాం. ఎల్సీ ఇంగ్లిస్ అని ఎడిన్‌బరా డాక్టర్, 1914లో యుద్ధం మొదలవగానే ఆడవాళ్లతోనే నడిచే ఆస్పత్రులు పెడతానని బ్రిటిష్ వార్ ఆఫీస్‌కి వెళ్లింది. ఇంటికెళ్లి కదలకుండా కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు, చందాలు పోగు చేసి స్కాటిష్ విమెన్స్ హాస్పిటల్స్ పెట్టింది, సొంత దేశం వద్దంటే ఫ్రాన్స్, సెర్బియా రమ్మన్నాయి. సెర్బియాలో టైఫస్ జ్వరాల మధ్య పనిచేశారు, ఆవిడ శత్రువు చేతికి చిక్కి కూడా రోగుల్ని వదల్లేదు, తర్వాత రష్యా వైపు వెళ్లింది. చివరికి కాన్సర్‌తోనే ఓడలో తన మనుషుల్ని వెనక్కి తీసుకొచ్చి, ఇంగ్లండ్‌లో దిగిన మర్నాడే, 1917 నవంబర్ 26న, చనిపోయింది. సర్వీస్ చేసిన ఆడవాళ్లూ మాజీ సైనికులే కదండీ, జెండా మోసే బెల్టు మీ భుజానికీ సరిపోతుంది. మీవాళ్లలో ఎవరైనా స్కాటిష్ అయితే టెంట్‌లోకి వెళ్లి నేరుగా అడగండి.

ప్రశ్న: అమెరికాలో పోలీసు చనిపోయినా, సైనికుడు చనిపోయినా ఆ బ్యాగ్‌పైప్ ఊదుతారెందుకు? వింటే గుండె పిండేసినట్టుంటుంది.
– ఒక విద్యార్థి, డాలస్

జవాబు: పోలీసు, ఫైర్‌మెన్ అంత్యక్రియల్లోకి అది చాలావరకు ఐరిష్, స్కాటిష్ వలస కుటుంబాల ద్వారా వచ్చింది, ఆ ఉద్యోగాల్లో వాళ్లు ఎక్కువ. దేశం మొత్తం చూసినది మాత్రం 1963 నవంబర్‌లో. బ్లాక్ వాచ్ బృందం ఆ నెల 13న వైట్‌హౌస్ లాన్‌లో కెనడీ ముందు వాయించింది, ఆయన పిల్లలతో కూర్చుని విన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే అదే బ్లాక్ వాచ్ నుంచి తొమ్మిదిమంది పైపర్లు ఆయన శవయాత్రలో నడిచారు, ఆయన భార్య కోరింది.

గుండె పిండేయడానికి కారణం వాయిద్యంలోనే ఉంది. మూడు పెద్ద గొట్టాలు, వాటిని డ్రోన్లంటారు, ఎప్పుడూ ఒకే శృతి పట్టుకుని ఉంటాయి, దానిమీద చాంటర్ అనే చిన్న గొట్టంలో తొమ్మిదే స్వరాలు. ఊపిరి నేరుగా గొట్టంలోకి పోదు, సంచీలోకి పోతుంది, చంకలో నొక్కుతూ ఉంటే మనిషి గాలి పీల్చుకునే క్షణంలో కూడా పాట ఆగదు. పెంచడం తగ్గించడం ఉండదు, మొదలైతే ఒకే స్థాయిలో పోతుంది. అందుకే చివర్లో ఆగినప్పుడు ఆ నిశ్శబ్దం అంత గట్టిగా వినిపిస్తుంది. ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్ అనే శోకగీతం ఒకటుంది, 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో పోయిన స్కాట్‌ల కోసం, చాలామంది పైపర్లు దాన్ని అంత్యక్రియల్లో, స్మారక సభల్లో తప్ప జనం ముందు వాయించరు, నేర్చుకునేటప్పుడు కూడా చాటుగానే. ఏదైనా సభలో అది వినబడితే ఫోన్ కిందికి దించండి.

ప్రశ్న: మీరు అంతా మంచే రాస్తున్నారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో స్కాట్‌లు రాజు వైపే కొట్లాడారు కదా, అమెరికా మీద! తర్వాత సివిల్ వార్‌లో దక్షిణాది వైపు కూడా ఉన్నారు. మరి దేన్ని గౌరవిస్తున్నట్టు?
– చరిత్ర చదివిన ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీరన్నది నిజం, దాచాల్సిన పనేం లేదు. నార్త్ కరొలినాలోనే 1776 ఫిబ్రవరి 27న మూర్స్ క్రీక్ వంతెన దగ్గర జరిగింది చూడండి. రాజు వైపు హైలాండర్లు తెల్లవారుజామున కత్తులతో వంతెన మీదికి వచ్చారు, ఎదుటివాళ్లు ముందే పలకలు పీకేసి దూలాలకి సబ్బూ కొవ్వూ పూసి ఉంచారు, నిమిషాల్లో అయిపోయింది. వందలమంది పట్టుబడ్డారు, ఫ్లోరా మెక్‌డొనాల్డ్ భర్త కూడా. 1746లో స్టూవర్ట్ రాకుమారుణ్ణి తప్పించిన ఫ్లోరాయే, రాజుకి ఎదురు తిరిగినవాడిని కాపాడిన మనిషి కుటుంబం ముప్పై ఏళ్ల తర్వాత రాజు కోసం అంతా పోగొట్టుకుంది. ఇంకోవైపు అమెరికా నేవీకి తండ్రి లాంటివాడని చెప్పుకునే జాన్ పాల్ జోన్స్ పుట్టింది స్కాట్లండ్‌లోనే, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టినవాళ్లలో జేమ్స్ విల్సన్, జాన్ విదర్‌స్పూన్ పుట్టిందీ అక్కడే. సివిల్ వార్‌లో న్యూయార్క్ 79వ రెజిమెంట్ హైలాండర్లనే పేరుతోనే ఉత్తరాది వైపు కొట్లాడింది, బుల్ రన్ యుద్ధంలో వాళ్ల కల్నల్ జేమ్స్ కామెరాన్ ప్రాణం పోయింది.

మీరు అడిగిన "దేన్ని" అన్నదానికి నా జవాబు ఎడిన్‌బరాలో ఓల్డ్ కాల్టన్ శ్మశానంలో ఉంది. అమెరికా సివిల్ వార్‌లో చేసి స్కాట్లండ్ తిరిగొచ్చి చనిపోయిన ఒక సార్జెంట్ మేజర్ భార్య, పెన్షన్ కోసం అమెరికా కాన్సుల్ దగ్గరికి వెళ్లింది. మాటల్లో ఆయన సమాధికి గుర్తు కూడా లేదని ఆ కాన్సుల్‌కి, వాలెస్ బ్రూస్‌కి, తెలిసింది. ఆయన ఊరుకోలేదు, స్థలం అడిగాడు, అమెరికాలో డబ్బు పోగుచేశాడు, 1893లో అక్కడ స్కాటిష్ అమెరికన్ సైనికుల స్మారకం లేచింది, పైన లింకన్, కింద సంకెళ్లు తెగి చెయ్యి పైకి చాచిన నల్లజాతి మనిషి. యూరప్‌లో లింకన్‌కి మొదటి విగ్రహం అది. ఎవరి వైపు నిలబడ్డారో ఆ రాతి మీదే స్పష్టంగా ఉంది. అలా స్పష్టంగా చెప్పుకోగలిగిన సంఘమే నాకు గౌరవంగా కనిపిస్తుంది, ఏ వైపైనా ఒకటేలే అనేది కాదు. ఆ ఒక్క ఆడమనిషి కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్లకపోతే ఆ పేర్లు ఇవాళ ఎవరికీ తెలిసేవి కావు.

ప్రశ్న: మేం స్కాట్‌లం కాదు, సైనికులం కాదు. గేమ్స్‌కి వెళ్లొచ్చా, కిల్టు కట్టుకోవచ్చా, వాళ్లతో ఏం మాట్లాడాలి?
– ఇద్దరు స్నేహితులు, రిచ్‌మండ్

జవాబు: నిక్షేపంగా వెళ్లండి, కిల్టు కూడా కట్టుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. మెడల్స్ మాత్రం పెట్టుకోకండి, అవి సంపాదించినవాళ్లవి. బ్రిటిష్ పద్ధతిలో సొంత మెడల్స్ ఎడమవైపు, చనిపోయిన తండ్రివో తాతవో అయితే కుడివైపు పెట్టుకుంటారు, కాబట్టి కుడివైపు మెడల్స్ ఉన్న కుర్రాణ్ణి చూస్తే "ఇవి ఎవరివి" అని అడగండి, సంతోషంగా చెప్తాడు. జెండాలు వస్తున్నప్పుడు లేచి నిలబడండి, టోపీ తీయండి. మాజీ సైనికుణ్ణి ఎవరినైనా చంపావా అని ఎప్పుడూ అడగొద్దు, ఏ యూనిట్, ఎక్కడ చేశారు, ఈ టార్టన్ ఎవరిది, ఇవి చాలు. జులై దాకా ఆగలేకపోతే ఏప్రిల్ 6 చూసుకోండి, టార్టన్ డే అంటారు, 1320లో స్కాట్లండ్ తన స్వాతంత్ర్యాన్ని చాటిన ఆర్‌బ్రోత్ ప్రకటన తేదీ అది, అమెరికా సెనేట్ 1998లో గుర్తించింది, ఆ చుట్టుపక్కల చాలా ఊళ్లలో పరేడ్లు ఉంటాయి.